ఆమెన్ దాకా

మా మేనత్త సమాధి రాయి మీద చెక్కిన మాట నిజం కాదు. ఆ మాట నాదే కాబట్టి నిజం కాదని చెప్పవలసిందీ నేనే.

"మనసు చెదరని ప్రార్థనాపరురాలు" అని ఉంటుంది ఆ రాయి మీద. మార్కాపురంలో చెక్కించిన నల్లరాయి. అక్షరాలకు తెల్లరంగు పూశారు. పుల్లలచెరువు వైపు పోయే రోడ్డు పక్కనే మా సమాధుల దొడ్డి. పొద్దున బస్సు కిటికీలోంచి చూసినా ఆ మాట కనపడుతుంది. నేను రోజూ ఆ బస్సుకే పోతాను.

ఆమె భూస్థాపన నాడు పాస్టరుగారు కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. ఆమె కొడుకు ఏడుపు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. నేను మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాతపని చేస్తాను, పైగా సంఘ పెద్దను. నలుగురిలో మాట్లాడడం నాకు అలవాటే. మైకు నా చేతికి వచ్చింది.

"మా అత్త ప్రార్థనకు కూచుంటే పక్కన పిడుగు పడినా కదిలేది కాదు" అన్నాను.

జనం "స్తోత్రం" అన్నారు. ఆ స్తోత్రం వినగానే నాకు ఇంకో మాట వచ్చింది. దాని వెనక ఇంకోటి. లోకంలో ఏ చప్పుడూ ఆమె చెవిన పడేది కాదన్నాను, మనసు చెదరని ప్రార్థనాపరురాలన్నాను. ఆమె పక్కింటి చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆమెకు నిజం తెలుసు. అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. కానీ సమాధి గుంట పక్కన నిలబడి, అట్ల కాదులే అని ఎవరంటారు?

తర్వాత కొన్నాళ్లకు ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "బావా, నువ్వు చెప్పిన మాటే రాయించినా. మా అమ్మకు అంతకంటే ఏం గావాల?" అన్నాడు. నేను మంచిపని చేసినావు అన్నాను.

ఇప్పుడు నిజం చెబుతున్నాను. మా అత్త జీవితంలో ఒక్క ప్రార్థన కూడా కుదురుగా చేయలేదు. ఆమె ఎప్పుడూ దేవుణ్ణి ఆగమనేది.

ఆమె ఇల్లు నేను బస్సుకు పోయే దారిలోనే. పొద్దున్నే ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే లోపలి మాటలు బయటికి వినపడేవి. పొయ్యికీ వాకిలికీ మధ్య గోనెపట్ట పరుచుకొని, దాని మీద మోకరించడానికి చూసేది. ఫ్లోరైడు ఉన్న మా బోరు నీళ్లు తాగినవాళ్ల మోకాళ్లు సగమే వంగుతాయి. కాబట్టి ఒక కాలు మడిచి, ఇంకో కాలు చాపి, గోడకు భుజం ఆనించి మొదలుపెట్టేది.

"ప్రభువా, తెల్లవారగొట్టినావు, నీకు స్తోత్రం. నా కొడుకు లారీ తోలుతున్నాడు, వాని కళ్లు మూతలు పడకుండా... ఉండు ఉండు ప్రభువా, పాలు పొంగుతున్నయ్. ఇప్పుడే వస్తా."

పాలు దించిన చప్పుడు. మళ్లీ గోనెపట్ట మీద కూలబడిన చప్పుడు.

"ప్రభువా, తెల్లవారగొట్టినావు, నీకు స్తోత్రం."

ఎప్పుడు ఆగినా సరే, మళ్లీ మొదటి నుంచే. ఆగినచోట అందుకునేది కాదు. ఈసారి కొడుకును దాటి, కోడల్ని దాటి, మనవరాలి చదువు దాకా వచ్చేసరికి మేకపిల్ల తాడు తెంపుకొని వాకిట్లోని మిరపకాయల మీదికి పోయేది. "ఓసి నీ పాడుగాను! ఉండు ప్రభువా, నిన్ను గాదు" అని లేచేది. తిరిగొచ్చి, "ప్రభువా, తెల్లవారగొట్టినావు."

నేనొకసారి నవ్వుతూ అడిగాను. "అత్తా, వదిలిపెట్టిన కాణ్ణుంచే అందుకోవచ్చు గదా? ఊరికే మొదటికి రావడం ఎందుకు?"

"ఏంది అల్లుడా అట్లంటావు? పెద్దమనిషితో మాట్లాడతా మాట్లాడతా లేచిపోయి, మళ్లొచ్చి మాట మధ్యలోంచి మొదలుపెడతావా? సిగ్గుండదా? మళ్లా దండం పెట్టే గదా మొదలుపెట్టాల్సింది."

"అట్లయితే అసలు ఎప్పటికి అయిపోతది నీ ప్రార్థన?"

ఆమె నవ్వలేదు. నేను నవ్వులాటకు అన్నానని ఆమెకు తెలుసు, అయినా నవ్వలేదు. "అదే గదా నా బాధ" అంది. "ఆమెన్ అంటేనే అది పైకి పోయేది. అనకపోతే తాడు ముడెయ్యని బొక్కెన మాదిరి బాయిలోనే పడిపోతది. నా బొక్కెన్లన్నీ బాయి అడుగునే ఉండయ్ అల్లుడా. ఇంత వయసొచ్చె. ఒక్కపాలి, ఒక్కటంటే ఒక్కపాలి, మనసు పక్కకు పోకుండా ఆమెన్ దాకా పోవాల. అదొక్కటే నా కోరిక."

ఆ కోరికను నేను చాలాకాలం ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాను. ఆమెకు అది చాదస్తం కాదు. తన మాట ఒక్కటి కూడా పైకి చేరకుండానే తాను పైకి పోతానేమోనని ఆమె నిజంగా భయపడేది. లారీ మీదున్న కొడుకు క్షేమం, మనవరాలి చదువు, ఊరికి వాన, అన్నీ ఆ బావి అడుగున పడి ఉన్నాయని నమ్మేది.

ఆమె చేసిన ప్రయత్నాలు అన్నీ ఇన్నీ కావు. చెవుల్లో దూది పెట్టుకొని చూసింది. దూది పెట్టుకుంటే, బయట ఏం జరుగుతుందో తెలియక ఇంకా మనసు అటే పోతుందని తీసేసింది. దుప్పటి ముసుగేసుకొని చూసింది. ఆ ముసుగులో కునుకు వచ్చింది. కోడిపెట్టను గంప కింద మూసింది. గంప కింద దానికి ఊపిరి ఆడుతుందో లేదోనని ప్రార్థన మధ్యలో గంప ఎత్తి చూసింది. ఊరవతల గుట్ట మొదట్లో ఒక చదును బండ ఉంది. అక్కడైతే ఏ గోలా ఉండదని ఎవరో చెబితే, పొద్దున్నే కర్ర పట్టుకొని అక్కడిదాకా పోయింది. పోయినంత సేపట్లోనే తిరిగొచ్చింది.

"ఏందత్తా, అయిపోయిందా?"

"ఏం అయిపోయేది! అక్కడ కూచుంటే పొయ్యి ఆర్పినానో లేదోనని ఒకటే గుబులు. ఇంట్లో కూచుంటే పొయ్యి కళ్ల ముందరన్నా ఉంటది."

వంట చేసే ముందు గుప్పెడు బియ్యం దేవునికని తీసి పక్కన డబ్బాలో వేయడం మా సంఘంలో ఆడవాళ్ల అలవాటు. నెలకోసారి ఆ బియ్యం పాస్టరుగారింటికి పోతాయి. గుప్పిట మూసినప్పుడు ఎవరినో ఒకరిని తలుచుకొని ఒక మాట చెప్పి వేయాలని మా అత్త నియమం. ఆ మాట మధ్యలో మనసు ఎటో పోయేది. బియ్యం వేసిందో లేదో గుర్తుండేది కాదు. మళ్లీ వేసేది. మా ఊళ్లో ఆమె డబ్బానే ముందు నిండేది. పాస్టరుగారు ఒకసారి గుళ్లో అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమె లేచి, "అయ్యగారూ, అది భక్తి కాదు, మరుపు" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వించాలని చెప్పలేదు.

పక్కింటి చిన్నమ్మకు ఆమెను ఆటపట్టించడం రోజూ ఉండే పని. ఇద్దరూ వదినా వదినా అనుకునేవాళ్లు. కలిసి మిరపకోతలకు పోయేవాళ్లు. ఆటో ఎక్కగానే చిన్నమ్మ మొదలుపెట్టేది.

"ఏం వదినా, ఈ పొద్దు ప్రార్థనలో ఎందాక పోయినావు? త్రిపురాంతకం దాకానా, మార్కాపురం దాకానా?"

"ఊరన్నా దాటలేదు వదినా. స్టేజీ కాడ్నే బండి ఆగిపాయె."

"టికెట్ లేకుండా ఎక్కితే అంతే మరి. కండక్టరు దించేసినాడు."

"కండక్టరు మంచోడే వదినా. నేనే మాటిమాటికి దిగుతాండా."

ఆటోలో నవ్వులు. ఆ నవ్వుల్లో ఆమె కూడా కలిసేది. కానీ ఆ మాట చెప్పిన తర్వాత ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ దారంతా కూచునేదని చిన్నమ్మే నాకు తర్వాత చెప్పింది.

ఫోన్ సంగతి వేరే. కొడుకు లారీ మీద ఎక్కడెక్కడికో పోయేవాడు. చిన్న బటన్ల ఫోన్ ఒకటి కొనిచ్చాడు. దాన్ని జాకెట్లో పెట్టుకొని గుడికి వచ్చేది. గుళ్లో ఫోన్లు ఆపాలని పెద్దగా రాసి గోడకు అంటించింది నేనే. ఒక ఆదివారం పాస్టరుగారు వాక్యం చెబుతుంటే మధ్యలో ఆమె ఫోన్ మోగింది. ఆమె వంగుకుంటూ బయటికి పోయి మాట్లాడి వచ్చింది. ఆరాధన అయ్యాక నేను గోడమీది కాగితం చూపించాను.

"చదువు రాదు గదా నాకు" అంది.

"చదువు రాకపోయినా తెలుసు గదత్తా. దేవునికంటే ఫోన్ ఎక్కువా?"

ఆమె నా వైపు చూసింది. "దేవుడు మళ్లీ వింటాడు అల్లుడా. లారీలో ఉన్నోనికి టవర్ మళ్లీ దొరుకుతదా?"

ఆ జవాబు నాకు తెలివితేటల మాటలా అనిపించి కోపం వచ్చింది. కానీ అది చెప్పి ఆమె అక్కడే మెట్ల మీద కూచొని కళ్లు తుడుచుకుంది. "తప్పే. నాకు తెలుసు. ఆయన కంటే ముందర నా కొడుకే వస్తాడు నాకు. ఏం చేసేది?" అంది. "ప్రార్థన చెయ్యత్తా" అన్నాను. ఎవరికి ఏమి చెబుతున్నానో నాకు ఆ క్షణాన తట్టలేదు.

ఇక ట్యాంకర్ గురించి చెప్పాలి. నేను ఇది రాయడానికి కారణం అదే.

మా ఊరికి ఎండాకాలం తాగునీళ్లు ట్యాంకర్‌తోనే వస్తాయి. ట్రాక్టరు వెనక తగిలించిన ట్యాంకర్. వాడుకకు బోరు ఉన్నా ఆ నీళ్లు తాగలేం. ట్యాంకర్ ఏ పొద్దు ఏ వేళకు వస్తుందో దానికే తెలియాలి. ఆదివారం మాత్రం దాదాపుగా పాస్టరుగారు సంఘం కోసం చేసే పెద్ద ప్రార్థన వేళకే వచ్చేది. ఆ ప్రార్థన అరగంట నడుస్తుంది. అందుకని ఆడవాళ్లు గుడికి వచ్చే ముందే వాళ్ల వాళ్ల బిందెలు, డ్రమ్ములు గుడి పక్క సందులో వరసగా పెట్టి వచ్చేవాళ్లు. డ్రైవరు హారన్ కొడతాడు. పైపు పట్టుకునే మనిషి లేకపోతే కాసేపు చూసి ముందు ఊరికి పోతాడు. వాన్ని తప్పుపట్టడానికి లేదు, వానికి ఇంకా మూడు నాలుగు ఊళ్లు ఉంటాయి. ఆ ట్రాక్టరు ఆపితే మళ్లీ స్టార్ట్ కాదని ఇంజను కూడా ఆపేవాడు కాదు.

హారన్ వినపడగానే గుళ్లో ఒక్క కదలిక వస్తుంది. కళ్లు మూసుకున్నవాళ్ల మొహాల్లో కూడా తెలుస్తుంది. అందరి మనసులూ ఒక్కసారిగా సందులోకి పోతాయి. అప్పుడు వాకిలి దగ్గర గోనెపట్ట మీద నుంచి మా అత్త లేచేది. గోడ పట్టుకొని, మోకాలు నొక్కుకుంటూ, "ఉండు ప్రభువా" అని లోగొంతుకతో అని బయటికి పోయేది. అందరి మొహాలూ మళ్లీ కుదుటపడేవి.

బయట ఆమె తన బిందె ఒక్కటి నింపుకొని వచ్చేది కాదు. వరసలో ఉన్న బిందెలన్నీ నింపేది. మా ఇంటి డ్రమ్ము కూడా. పైపు ఆ బిందెలోంచి ఈ బిందెలోకి మార్చుతూ, అన్నీ నిండేదాకా అక్కడే ఉండేది. ఆమె లోపలికి వచ్చేసరికి ప్రార్థన అయిపోయి కానుకల పాట నడుస్తుండేది. తడిసిన చీర కుచ్చిళ్లతో వచ్చి కూచునేది.

"అదిగో, మా వదిన వచ్చె. ఈ వారం కూడా బస్సు తప్పిపాయె" అని చిన్నమ్మ గుసగుసగా అనేది. ఆమె డ్రమ్ము కూడా అప్పటికి నిండి ఉండేది.

ఇన్నేళ్లు సంఘమంతా కళ్లు మూసుకొని ప్రశాంతంగా ప్రార్థన ముగించింది ఆ ఒక్కమనిషి లేచిపోతుండబట్టే. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియనిది కాదు. ఎవరూ నోటితో అనలేదు. ఆమెకు ఒక్కరం కూడా చెప్పలేదు.

ఒక ఎండాకాలం భక్తి రగిలించే ఉజ్జీవ కూడికలకు గిద్దలూరు వైపు నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మంచి గొంతు. ఆ రాత్రి మాట్లాడింది ప్రార్థనలో చెదిరే మనసు గురించే. ఫోన్లు, పాలగిన్నెలు, మేకలు, బిందెలు, అన్నీ వరసగా చెప్పాడు. ఒక్కోటి చెప్పినప్పుడల్లా జనం మా అత్త వైపు చూసి నవ్వారు. ఆయనకు ఆమె ఎవరో తెలియదు పాపం. చివర్లో, "దేవుని ముందు కూచున్నప్పుడు లేచిపోయేవాడు దేవునికి వీపు చూపించినట్టే" అన్నాడు. ఆ మాటకు నవ్వులు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. "అల్లుడా, నాకు ముందర చోటియ్యి. అయ్యగారి మొహం ఎదురుగ్గా. అక్కడ కూచుంటే లేచేదానికి సిగ్గు పడతా. వాకిలి కాడ ఉంటే కాళ్లు వాటంతటవే పోతాండయ్."

సంఘ పెద్దగా నాకది మంచి మాటే అనిపించింది. ఆదివారం ఆమె గోనెపట్ట తెచ్చి ముందు వరసలో వేశాను.

పెద్ద ప్రార్థన మొదలైంది. కాసేపటికి హారన్ మోగింది. నేను కళ్లు తెరిచి చూశాను. ఆమె వీపు కనపడుతోంది. గట్టిగా ముడుచుకొని కూచుంది. రెండోసారి మోగింది. భుజాలు కదిలాయి. లేవలేదు. గుళ్లో ఎవరూ లేవలేదు. మూడోసారి పొడుగ్గా మోగి, ట్రాక్టరు చప్పుడు మెల్లగా దూరమైంది. పాస్టరుగారు ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది. నాకు ఆమె గొంతు వినపడింది.

బయటికి వచ్చేసరికి సందులో బిందెలన్నీ ఖాళీగా ఎండలో ఉన్నాయి. మళ్లీ ట్యాంకర్ వచ్చేదాకా ఊరికి తాగునీళ్లు లేవు. క్యాన్లు కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కున్నారు. మిగిలినవాళ్లు బోరు నీళ్లే కాచుకొని తాగారు. ఎవరూ ఆమెను తిట్టలేదు. మర్నాడు చిన్నమ్మ మాత్రం, "ఏంది వదినా, నిన్న ముందర కూచుంటివి? ఒక మాట ముందే చెప్పుంటే ఇంకెవరినన్నా పెట్టుకుందుము గదా" అంది. అంతే. అంతకంటే ఒక్కమాట లేదు. కానీ వీధిలో ఆ వారమంతా ఆమెతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

నేను ఆమెను అడిగాను. "అత్తా, ఆ పొద్దు ఆమెన్ దాకా పోయినావు గదా. నీ కోరిక తీరినట్టేనా?"

"నోటితో అన్నా అల్లుడా" అంది. "మనసు మాత్రం బిందెల కాడ్నే ఉండె. వరసలో చివరన ఉండే బిందె ఆ బాలింత పిల్లది. దానికి నీళ్లెవరు పడతారు అని ఒకటే రంధి. అది ఆమెనా?"

తర్వాతి ఆదివారం ఆమె వచ్చేసరికి గోనెపట్ట మళ్లీ వాకిలి దగ్గర ఉంది. ఆమె ఒక్క క్షణం నిలబడి దాన్ని చూసింది. ముందు వరస వైపు చూసింది. వాకిలి దగ్గరే కూచుంది. హారన్ మోగింది. లేచిపోయింది.

ఆ గోనెపట్ట అక్కడ వేసింది నేనే. ఎవరూ వేయమని చెప్పలేదు. పొద్దున గుడి ఊడ్పించడానికి వచ్చినప్పుడు, మా ఇంట్లో నీళ్లు అడుగంటిన సంగతి మనసులో మెదిలింది. ఆ పట్టను ముందు వరసలోంచి తీసి వాకిలి పక్కన పరిచాను. అంత చిన్న పని. ఆమె నన్ను అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ నాకు తెలియదు. "అత్తా, నువ్వు లేచిపోతేనే మేము కూచోగలుగుతున్నాం" అని ఉన్న మాట చెప్పి ఉంటే చాలు. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత చెప్పవచ్చులే అనుకుంటూ ఏళ్లు గడిపాను.

పోయిన ఏడు ఎండలు ముదిరేటప్పటికి ఆమె మంచం పట్టింది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. మార్కాపురంలో ఆస్పత్రిలో చేర్పించాం. కొడుకు లారీతో దూరాన ఉన్నాడు, బయల్దేరానని ఫోన్ చేశాడు. నేను ఫ్యాక్టరీ నుంచి మధ్యాహ్నం భోజనం వేళ పోయి కూచునేవాణ్ణి.

ఆ రోజు ఆమె తెలివిగానే ఉంది. నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి మిరపకోతల చెయ్యి, గరుకుగా ఉంది కానీ పట్టులో బలం లేదు.

"అల్లుడా, ఇక్కడ పొయ్యి లేదు. మేక లేదు. బిందెలు లేవు. ఇప్పుడైతే పోతా ఆమెన్ దాకా. నువ్వు పక్కనుండు. నేను తప్పిపోతే పట్టుకో."

ఇద్దరం కళ్లు మూసుకున్నాం.

"ప్రభువా, తెల్లవారగొట్టినావు, నీకు స్తోత్రం" అని మొదలుపెట్టింది. మధ్యాహ్నమైనా ఆమె ప్రార్థన అట్లనే మొదలవుతుంది. కొడుకు పేరు వచ్చింది. కోడలి పేరు. మనవరాలి పేరు. నా పేరు వచ్చింది, నా పిల్లల పేర్లు వచ్చాయి. చిన్నమ్మ వచ్చింది. అంతదూరం ఆమె పోవడం నేనెప్పుడూ వినలేదు. ఇంకాస్త, ఇంకాస్త అని నేను లోపల్లోపల తోస్తున్నాను. ఊరి వాన గురించి మొదలుపెట్టింది. మాట ఆగింది.

కళ్లు తెరిచాను. ఆమె కూడా తెరిచి ఉంది. పక్క మంచం వైపు చూస్తోంది. ఆ మంచం మీద ఒక అమ్మాయి నిద్రపోతోంది, పక్కన మనుషులెవరూ లేరు.

"అల్లుడా, ఆ పిల్లకు సీసా అయిపోయింది. నెత్తురు పైపులోకి ఎక్కుతాంది చూడు. నర్సమ్మను పిలువు పో."

"ప్రార్థన అయినాక పిలుస్తాలే అత్తా. ఇంక కొంచెమే..."

"పో అల్లుడా."

పోయాను. నర్సు వేరే వార్డులో ఉంది. ఆమెను వెతికి పిలుచుకొచ్చేసరికి కొంతసేపు పట్టింది. నర్సు సీసా మార్చింది. నేను వచ్చి కూచుని చెయ్యి పట్టుకున్నాను. "రా అత్తా, వాన కాడ ఆగినావు" అన్నాను.

ఆమె కొంచెం నవ్వింది. "మొదటినుంచి గదా" అంది.

"ప్రభువా, తెల్లవారగొట్టినావు..."

కొడుకు పేరు దగ్గర గొంతు సన్నగిల్లింది. నిద్రలోకి జారిపోయింది. నేను లేపలేదు. ఫ్యాక్టరీకి టైమవుతోందని లేచాను. మర్నాటి ఉదయం ఆమె పోయింది. ఆ నిద్రలోంచి మళ్లీ లేచి మాట్లాడలేదని చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఆమె పక్కన నేను ఆమెన్ అని ఉండవచ్చా? ఒకరు మొదలుపెట్టిన ప్రార్థనకు ఇంకొకరు ఆమెన్ అంటే చెల్లుతుందా? పాస్టరుగారిని అడిగాను. "దేవుడు హృదయం చూస్తాడు" అన్నారు. అది నిజమే అయ్యుంటుంది. కానీ ఆ మాట నేను వినవలసింది కాదు, ఆమె వినవలసింది. ఆమె బతికుండగా ఆ మాట చెప్పవలసినవాళ్లం మేము. చెప్పకుండా, ఆమె పోయాక మైకు పట్టుకొని, ఆమె ఎన్నడూ లేవలేదని చెప్పాను. ఆమె లేచిన ప్రతిసారీ ఎందుకు లేచిందో దాన్ని కూడా ఆమెకు దక్కకుండా చేశాను.

రాయి మార్పిద్దామని ఆమె కొడుకును అడిగాను.

"మంచి మాటే గదా బావా రాసింది. చెరిపి ఏం రాపిస్తావు? మా అమ్మకు ప్రార్థనలో మనసు నిలిచేది గాదని రాపిస్తావా? చూసినోళ్లు నవ్వరా?" అన్నాడు. అతని గొంతులో బాధ ఉంది. తల్లి మీద ఆ ఒక్క మాటను అతను పట్టుకొని ఉన్నాడు. దాన్ని లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. రాయి అట్లనే ఉంది.

ఆమె పోయాక ఆదివారాలు ఇట్ల నడుస్తున్నాయి. హారన్ మోగగానే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకరు లేస్తే వెనకాలే పదిమంది లేస్తారు. నా బిందె ముందంటే నా బిందె ముందని సందులో అరుపులు. లోపల పాస్టరుగారు గొంతు పెంచి ప్రార్థన చేస్తారు. మిగిలినవాళ్లం ఆ అరుపులే వింటాం.

మొన్న ఆదివారం హారన్ మోగింది. చిన్నమ్మ లేవబోయింది. నేను ఆమెకు చేత్తో కూచోమని సైగ చేసి, ముందు వరసలోంచి లేచి బయటికి నడిచాను. నా వెనక గుళ్లో అలజడి తగ్గినట్టు అనిపించింది.

ట్రాక్టరు సందు మొదట్లో ఆగి ఉంది, ఇంజను దడదడలాడుతోంది. డ్రైవరు నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. చాలా ఏళ్ల నుంచి వచ్చే మనిషే. "ఏందన్నా, నువ్వొచ్చినావు? ఆ అక్క ఉన్నప్పుడు నాకు కిందికి దిగే పనే లేకుండె" అన్నాడు.

పైపు నా చేతికి ఇచ్చాడు. నీళ్లు ఒక్కసారిగా తోసుకొచ్చి పైపు ఎగిరింది. ప్యాంటు తడిసింది. ఎవరి బిందె ఏదో నాకు తెలియదు. మొదటిదానిలో పెట్టాను. తర్వాతది. ఒకటి నిండుతుండగానే ఇంకోదానిలోకి మార్చాలి, లేకపోతే నీళ్లు నేలపాలు. కళ్లు బిందె మీద నుంచి తిప్పడానికి లేదు. ప్రార్థన ఒక్కమాట కూడా నాకు తోచలేదు.

చివరి బిందె దాకా వచ్చాను. డ్రైవరు నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అరిచి అడిగాడు. "అయిపోయిందా అన్నా, లోపల ప్రార్థన?"

నేను గుడి వైపు చెవి పెట్టాను. వాకిలి తెరిచే ఉంది. పదడుగుల దూరం కూడా లేదు. లోపల మైకు ఉంది, వందమందికి తక్కువ లేరు. ఆమెన్ అని అందరూ ఒక్కసారి అంటే గుడి రేకులు అదురుతాయి.

నాకు ఇంజను మోత తప్ప ఏమీ వినపడలేదు.

"తెలియదబ్బా" అన్నాను.

ఇన్నేళ్లూ ఇక్కడ పైపు పట్టుకొని నిలబడ్డ ఆమెకు మా ఆమెన్ కూడా వినపడలేదు.